సముద్రం ముందు నల్లబండ

“పాలిష్ కూలి వద్దులేమ్మా. దానికి బదులు ఒక్క పూట ఈ బల్ల మీద నన్ను కూసోనీండి. ఈడ కాదు, మీ ఇంట్లో. సముద్రం కనపడేటట్టు.”

ఏసుమణి ఆ మాట అనేసరికి పక్కన కొలతలు చూస్తున్న మొగుడు నెహెమ్యా చేతిలోని టేపు చటుక్కున ముడుచుకుపోయింది.

“ఏమే, మతి ఉండే మాట్లాడుతాండావా? నాలుగు దినాల కూలి అది,” అన్నాడు.

బల్ల చేయించుకుంటున్న స్వర్ణలత మాత్రం తలెత్తలేదు. “అది కుదరదు,” అంది.

ఎర్రగుంట్ల రోడ్డు మీది ఆ బండల యార్డులో ఏసుమణి పదిహేడేళ్ళుగా అంచులు నున్నగా రుద్దుతోంది. ఆమె చేతికింద నునుపుదేలిన కడప బండలు ఏయే ఊళ్ళు చూశాయో గాని, ఆమె మాత్రం రాజంపేట దాటి పోయింది లేదు. నల్లబండ మీద నీళ్ళు పోసి రుద్దుతుంటే అందులో ఆకాశం కనిపిస్తుంది. సముద్రమంటే ఇట్లాగే ఉంటుందేమో, కాకపోతే అవతలి గట్టు ఉండదేమో అనుకునేది. ఈ బల్ల విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటి బాల్కనీలోకి అని తెలిసిన రోజు నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఆకలైతే ఇంత సంగటి తిని ఆపుకోవచ్చు. ఆశకేం పెడతాం?

స్వర్ణలత రాజంపేటలో తమ్ముడి గృహప్రవేశానికి వచ్చి, పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి ఇటు తిరిగింది. చూసుకోవడమంటే అలా ఇలా కాదు. “అంచులు ఇంకా గుండ్రంగా రావాలి, పిల్లలకు తగిలితే మాట వస్తుంది. ఇద్దరు కూర్చున్నాక మధ్యలో ట్రే పట్టాలి. టీ ఒలికితే మరక పోతుందా?”

“పోతాది మేడమ్. తడిగుడ్డ పెడితే సాలు,” అన్నాడు నెహెమ్యా. గేటు బయట ఒకాయన పసుపు నంబరు ప్లేటు ఉన్న కారును గుడ్డతో తుడుస్తున్నాడు. “పాపం, మీ డ్రైవరు ఎండలో నిలబడుకోనుండాడు. టీ ఇయ్యమంటారా?”

స్వర్ణలత అటు చూసి చూపు తిప్పుకుంది. “ఇవ్వండి,” అంది.

ఏసుమణి టీ తీసుకుపోయి ఇచ్చింది. ఆయన రెండు చేతులా గ్లాసు అందుకొని, దండం పెట్టినంత పని చేశాడు. పెద్దింటి డ్రైవరైనా ఎంత అణకువో అనుకుంటూ వెనక్కి వచ్చింది.

“మేడమ్, అడిగితే ఏమనుకోరు గదా,” అంది ఏసుమణి. “ సముద్రం ముందర ఇల్లంటే కోట్లంట. ఏం పని చేస్తే అంత సంపాదిచ్చొచ్చు? మా పాప స్తుతి పదో తరగతికి వచ్చినాది. దానికన్నా చెప్పుకుంటా.”

“ఉన్న పొలం, బంగారం అమ్మేశాం. చాలకపోతే బ్యాంకు ఉంది కదా,” అంది స్వర్ణలత పొడిగా.

“అమ్ముకునేదానికి మా దగ్గర ఏముండాదిలే,” అని ఏసుమణి నవ్వింది. నవ్విందే గాని ఆశ చావలేదు. “పూట కాకపోతే అర్ధగంట. బల్ల ఎక్కించిన లారీలోనే వస్తా. చర్చికి కట్టుకుపోయే చీర కట్టుకుంటా. ఏదీ ముట్టుకోను. చూసి వచ్చేస్తా.”

“చెప్పాను కదమ్మా, కుదరదని.”

ఏసుమణి ముఖం చిన్నబోయింది. బల్ల మీది చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

“మా చెయ్యి పడిన బండ మీ ఇంట్లోకి రావచ్చు. మేం రాకూడదు. అంతే గదా?”

“గమ్మునుండే,” అన్నాడు నెహెమ్యా భయంగా.

స్వర్ణలత కోప్పడలేదు. వచ్చి, ఇంకా తడి ఆరని ఆ బల్ల మీద ఒక పక్కగా కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. ఎదురుగా ఉన్నది పగిలిన బండల గుట్ట. దాని వైపే చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఇంత ఉన్న మనిషికి ఆ గుట్టలో ఏం కనిపిస్తోందో ఏసుమణికి అర్థం కాలేదు.

“ఇట్లా రా అక్కా. కూసో,” అంది స్వర్ణలత. అప్పటిదాకా మాట్లాడిన పట్నం మాట ఎటు పోయిందో పోయింది.

ఏసుమణి జంకుతూనే కూర్చుంది. ఇద్దరికీ మధ్యలో సరిగ్గా ఒక ట్రే పట్టేంత చోటు మిగిలింది.

“ఆ ఇల్లు కొన్నంక మూడేండ్లయింది. ఆ బాల్కనీలో నేను ఒక్కనాడూ కూసోలేదక్కా. బ్యాంకు కంతులు కట్టాలంటే ఇల్లు దినం బాడిగ లెక్కన టూరిస్టులకు ఇయ్యాల్సిందే. మేం వంటింటి పక్కన సామాన్ల గదిలో పండుకుంటాం. నిన్ను యాడ కూసోబెట్టేది?”

“ఇల్లు మీదైతే ఒగ మాట చెప్పి కూసోరాదా?”

“ఓనర్లు ఆడే ఉండారంటే ఎవురూ దిగరక్కా. హైదరాబాదులో ఉంటారని చెప్తాం.”

గేటు బయట హారన్ మోగింది. రేపు సాయంత్రానికల్లా ఆ ఇంట్లో ఎవరో టూరిస్టులు దిగుతున్నారట, బయలుదేరాలట. స్వర్ణలత లేచి, చీరకంటిన తడి దులుపుకుంది.

“దిగినోళ్ళకు టీ తీసుకుపోయే పనిమనిషిని నేనే,” అంది గేటు వైపు చూస్తూ. “ఆ డ్రైవరు నా మొగుడు.”