కనుమ తప్ప

"కనుమ తప్ప ఎక్కడికైనా సరే," అన్నాడు కెప్టెన్.

ఆమె చేతిలో పెన్సిలు పుటుక్కున విరిగింది.

బేకరీ వెనక గదిలో, పిండి బస్తాలకు చేరగిలబడి, నలుగురూ గంట నుంచీ వాదించుకుంటున్నారు. రొట్టెల బల్ల మీద రోడ్ల మ్యాపు పరిచి ఉంది. వచ్చే శని, ఆదివారాలు సైకిళ్ళ మీద ఎక్కడికెళ్ళాలన్నది తగువు. బేకరీ ఆయన రిజర్వాయరు అన్నాడు, అక్కడి గెస్ట్‌హౌస్‌లో పరుపులు మెత్తగా ఉంటాయని. పళ్ళ డాక్టరమ్మ, ఎదురుగాలి లేకపోతే ఎక్కడైనా సరేనంది. కెప్టెన్ లైట్‌హౌస్ అన్నాడు. కొండ కనుమ అన్నది పెన్సిలు చేతిలో ఉన్న ఆమె ఒక్కతే. అన్నాక ఇక మాట మార్చలేదు.

కెప్టెన్ అంటే స్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఏడాదిగా ఈ బృందాన్ని నడిపిస్తున్నది అతనే. అంతకుముందు ఆమె భర్త నడిపేవాడు. పోయినేడు కనుమ దిగుతూ పడి, మూడోరోజు ఆస్పత్రిలో పోయాడాయన. నెల తిరక్కుండా ఆమె కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పనికి మళ్ళీ వెళ్ళింది. ఆర్నెల్లకి ఆయన సైకిలు సీటు తన ఎత్తుకి దించుకుని రోడ్డెక్కింది.

"ఎందుకు వద్దో చెప్పు," అంది.

"దూరం వదినా."

"లైట్‌హౌస్ తొంభై కిలోమీటర్లు. కనుమ డెబ్భై. మీ స్కూల్లో లెక్కలు ఇలాగే చెప్తారా?"

బేకరీ ఆయన నవ్వాపుకోలేక దగ్గాడు.

"అయినా వదినా, అంతా ఎత్తు ఎక్కుడే కదా. డాక్టరమ్మగారి మోకాలు..."

"నా మోకాలిని మధ్యలోకి లాగకండి. అది బాగానే ఉంది," అంది డాక్టరమ్మ.

కెప్టెన్ మ్యాపు మీద మలుపులు చూపించాడు. "మలుపుల్లో ఇసుక ఉంటుంది. అన్న జారింది దాని మీదే కదా."

ఆమె అతని మొహంలోకే చూసింది.

"నువ్వు చూశావా, ఇసుకని?"

"అన్న వెనకే ఉన్నాగా. చూశాను."

"ఏడాదైనా ఎవరూ ఊడ్చలేదంటావ్."

"ఎందుకు వదినా పంతం? అక్కడికెళ్ళి మళ్ళీ అదంతా తవ్వుకోవడం నీకు మంచిది కాదు."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. మంచి! ఏడాదిగా ఇతగాడి మంచితనంతోనే వేగలేక చస్తోంది. ఆదివారం వచ్చిందంటే నూనె సీసా పట్టుకుని గుమ్మంలో దిగుతాడు. చైను తుడుస్తాడు, ట్యూబులు మారుస్తాడు, కాఫీ కూడా తాగకుండా తలవంచుకుని వెళ్ళిపోతాడు. "నా కడుపున పుట్టకపోయినా కొడుకేనే," అంటూ అత్తగారు మురిసిపోతుంది. ఆ మాట వినలేక ఆమె వంటింట్లోకి పోయి గిన్నెలు ఎత్తి కుదేస్తుంది.

"నా మంచి సంగతి నీకెందుకు? నీ సంగతి చెప్పు. నువ్వెందుకు రావు?"

అతను మ్యాపు మడవబోయాడు.

"చేతులెత్తి తేల్చేద్దాం, గొడవుండదు," అన్నాడు బేకరీ ఆయన. లైట్‌హౌస్‌కి మూడు చేతులు లేచాయి. డాక్టరమ్మ చెయ్యి సగమే లేచింది, కానీ లేచింది. "కోప్పడకమ్మా, నీ గురించే," అంది.

"చాలు. నా గురించి ఊళ్ళో అందరూ ఆలోచించేవాళ్ళే." ఆమె హెల్మెట్ అందుకుంది. "శనివారం పొద్దున ఆరింటికి నేను కనుమకి వెళ్తున్నా. ఒక్కదాన్నే."

తలుపు ఎంత విసురుగా లాగిందంటే గోడన ఉన్న జల్లెడ ఊడి కింద పడింది.

వీధిలో ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. ఆమె స్తంభానికి కట్టిన సైకిలు తాళం తీస్తుంటే కెప్టెన్ పరుగున వచ్చాడు.

"ఒక్కదానివీ వెళ్ళకు వదినా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"అయితే నాతో రా."

"నా వల్ల కాదు."

"ఎందుకు కాదు? భయమా?"

"కాదు."

"మరేంటి? నోరు పడిపోయిందా? చెప్పు!"

దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు. ఆమె లెక్కచెయ్యలేదు. పిల్లలని ఈలతో గడగడలాడించే మనిషి, పేవ్‌మెంటు మీద చతికిలబడిపోయాడు.

"ఇసుక లేదు వదినా," అన్నాడు.

ఆమె తాళం ఊడదీసి చేతిలో పట్టుకుంది.

"ఆ రోజు అన్న నాతో పందెం వేశాడు, కింద టీకొట్టు దాకా. మలుపులో లోపలివైపు నుంచి దాటబోయాను. దాటొద్దురా అని అరిచాడు కూడా. నా హ్యాండిలు ఆయన మోచేతికి తగిలింది." అరచేతులతో మొహం కప్పుకున్నాడు. "మిగతావాళ్ళు వచ్చేసరికి ఇసుక అని నోటికొచ్చింది. ఇక దాన్ని వెనక్కి తీసుకోలేకపోయాను. చెప్పేద్దామనే ప్రతి ఆదివారం మీ ఇంటికొస్తాను. నిన్ను చూడగానే నాలుక మడతపడిపోతుంది."

ఆమెకి లాగి ఒక్కటి కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. వంచిన ఆ తల మీదికి దాన్ని దించలేక, తాళం సంచిలో పడేసింది.

"లే. రోడ్డు మీద కూర్చుని ఏడుపేంటి?"

అతను లేచాడు. మొహం ఎత్తలేదు.

"తిట్టు వదినా. కొట్టు. నీకు నా మీద కోపం రావట్లేదా?"

"ఏడాది నుంచీ ఉడికిపోతున్నాను."

"ఏడాది నుంచా?" తెల్లబోయి చూశాడు.

"పోయేముందు మీ అన్న నాకు అంతా చెప్పాడు."