సరిచూసినవారు

"ఈ రెండక్షరాలూ మీవేనా?" అన్నాడు విచారణాధికారి, బల్ల మీద పరిచిన డ్రాయింగు కింది మూలన వేలు పెట్టి.

"నావేనండీ. కానీ నేను పెట్టలేదు," అన్నాడు మాస్టారు.

పొద్దుటినుంచీ ఈ మాట అనడం ఇది అయిదోసారి. అనగా అనగా అది ఆయనకే అబద్ధంలా వినిపిస్తోంది.

వారం కిందట ఒక అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు బాల్కనీ ఊడిపడింది. పైన బట్టలు ఆరేస్తున్న ఆవిడా, కింద సైకిలు తుడుచుకుంటున్న ఆయనా అక్కడికక్కడే పోయారు. గాల్లోకి చాచిన పలకకు ఇనుప కడ్డీలు పైపొరలో ఉండాలి. డ్రాయింగులో అడుగుపొరలో ఉన్నాయి. మేస్త్రీ ఉన్నది ఉన్నట్టు కట్టాడు. మూడోసారి మార్పులు చేసినప్పుడు దొర్లిన తప్పది. గీసినవాడు ఉద్యోగం మానేసి ఎటో పోయాడు. మిగిలింది మార్పుల పట్టికలో మూడో వరస, అందులో 'సరిచూసినవారు' అన్న గడి, ఆ గడిలో మాస్టారి పేరులోని రెండక్షరాలు.

కంప్యూటర్‌లో గీత గీయడం ఈ డ్రాయింగుల ఆఫీసులో అందరికీ ఆయనే నేర్పాడు కనక మాస్టారన్న పిలుపు మిగిలిపోయింది. జైలన్న మాట ఇంకా ఎవరి నోటా రాలేదు. కానీ పొద్దున చొక్కా అందిస్తూ భార్య, "బీపీ మాత్రలు నెలకి సరిపడా సంచిలో పెట్టాను," అంది. ఆ మాటకే ఆయన సగం చచ్చాడు.

"సైట్లలో కొలతలు తీసే పనికి నన్ను మార్చి నాలుగేళ్లయింది సార్. అప్పట్నుంచి టేపు పట్టుకుని ఎండలో తిరగడమే తప్ప ఈ కంప్యూటర్లు ముట్టుకున్నది లేదు."

"అలా అంటారు గానీ, పాత అలవాటు కదా, వచ్చినప్పుడల్లా చూసిపెడుతూనే ఉంటారు సార్," అన్నాడు ఆఫీసు యజమాని, తేనె పూసినట్టు.

"నేనా? ఎప్పుడు చూశానండీ?"

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. అంతేనా?"

గది మూలన కుర్చీలో అల్లుడు తల వంచుకుని కూర్చున్నాడు. ఒక్కగానొక్క కూతురి మొగుడు, ఈ ఆఫీసులోనే ఇంజినీరు. నాలుగేళ్ల కిందట కాళ్లావేళ్లా పడి ఈ ఉద్యోగం ఇప్పించింది మాస్టారే. పొద్దుటినుంచీ మామ మొహం చూడలేదతను. నా మూలంగా వాడికీ తలెత్తుకోలేని గతి పట్టిందే అని మాస్టారు లోలోపల కుమిలిపోయాడు.

చెయ్యని పాపానికి ఎంతసేపని తల వంచుకోను అనుకున్నాడు చివరికి. లేచి, "ఒక్కసారి కంప్యూటర్ దగ్గర కూర్చోనివ్వండి సార్," అని అడిగాడు.

కొత్త డ్రాయింగు తెరిచాడు. తెల్లటి కాగితం, చుట్టూ అంచుగీతలు, మూలన కంపెనీ పేరు, దాని పక్కనే ఖాళీ పట్టిక. ఎక్కడా గీతన్నది లేదు. పట్టికలో ఒక వరస చేర్చాడు. ఇవాళ్టి తేదీ దానంతటదే పడింది. 'ఏం మార్చారు' అన్న గడి ఖాళీగా ఉంది. 'సరిచూసినవారు' అన్న గడిలో ఆయన రెండక్షరాలూ ఉన్నాయి.

మాస్టారు ఇంకో వరస చేర్చాడు. మళ్లీ అవే. ఇంకోటి. మళ్లీ అవే.

"చూడండి సార్. గీత గీయకముందే సరిచూసేశానట," అన్నాడు, ఏడవలేక నవ్వుతూ. "ఆరేళ్ల కిందట ఈ ఖాళీ నమూనా, అదే టెంప్లేట్, తయారుచేసింది నేనే. అప్పట్లో సరిచూడటం నా పనే. గడిలో అక్షరాలు పడతాయో లేదోనని నావి కొట్టి చూసుకున్నాను. చెరిపెయ్యడం మరిచిపోయి సేవ్ చేసినట్టున్నాను. అప్పట్నుంచి ఎవరు ఏ మార్పు చేసినా నా అక్షరాలు వాటంతటవే వచ్చి కూర్చుంటున్నాయి."

అధికారి నమ్మలేదు. ఆయన్ని లేపి తను కూర్చున్నాడు. ఫైలు మూసి, కొత్తది తెరిచి, వరస చేర్చాడు. పక్క గదిలో ఇంకో కంప్యూటర్ మీద కూడా చేసి చూశాడు. తిరిగొచ్చి, కాగితాల్లో ఏదో రాసుకుని, తల పైకెత్తాడు.

"సరే. మీరు చూడలేదని తేలింది. ఇక మీరు ఇంటికెళ్లొచ్చు."

గుండెల మీంచి బండ దించినట్టయింది మాస్టారికి. కళ్లు తుడుచుకుని, భార్యకి చెబుదామని జేబులోంచి ఫోను తీసి నంబరు నొక్కాడు.

"మరి చూడాల్సిన ఇంజినీరెవరు?" అనడిగాడు అధికారి.

యజమాని మూలన కుర్చీ వైపు చూశాడంతే. అల్లుడు మెల్లగా లేచి నిలబడ్డాడు.

మాస్టారి చేతిలో ఫోను అవతల మోగుతూనే ఉంది.

"నువ్వు చూశావా దీన్ని?" అన్నాడు అధికారి.

"లేదండీ."

"ఎందుకు చూడలేదు?"

అల్లుడు అప్పుడు తలెత్తి, పొద్దుటినుంచీ మొదటిసారి మామ మొహంలోకి చూశాడు.

"ఏ డ్రాయింగు తెరిచినా అప్పటికే మీ అక్షరాలుండేవి మామయ్యా. నా మీద నమ్మకం చాలక సాయంత్రాలు మీరే వచ్చి చూసిపెడుతున్నారనుకున్నాను. అడగడానికి మొహమాటపడి, ఈ నాలుగేళ్లలో నేను ఒక్కటంటే ఒక్కటి కూడా చూడలేదు."