మావారి అంగ్‌కోర్ యాత్ర

చాండ్లర్‌లో మా ఇంటికి పాట్‌లక్‌కి, అదే తలా ఒక వంట తెచ్చుకునే విందుకి, వచ్చినవాళ్లకి మావారు ఉమాకాంత్ కంబోడియాలోని అంగ్‌కోర్ గుళ్ల ఫొటోలు టీవీలో చూపిస్తున్నారు. ఆయన ఎమ్మెస్, నేను ఏడో తరగతి. అందుకని చెప్పడం ఆయన వంతు, గారెలు అందించడం నా వంతు.

“మూడు రోజులు నడిచీ నడిచీ కాళ్లు పడిపోయాయి ఆంటీ. ఈ మెట్లు నిచ్చెనే అనుకోండి. ఈమె భయపడి కిందే కూర్చుంది. వచ్చే సమ్మర్‌లో మీతో పెరూకి నేనొక్కణ్ణే వస్తాను. ఈమెతో కష్టం.”

పెరూ చూడాలని నాకూ ఉంది. కానీ గారెలు చల్లారిపోతున్నాయి.

తరవాతి ఫొటోలో దేవతలూ రాక్షసులూ వాసుకిని పట్టుకుని పాలకడలి చిలుకుతున్నారు. “ఇది వాళ్ల టగ్ ఆఫ్ వార్,” అన్నారు మావారు. చదువుకున్నవాళ్ల మాటకి అడ్డు చెప్పకూడదు కదా.

“ఒక్క ఫొటోలోనూ నువ్వు లేవేం నాయనా?” అన్నారు పెరూ యాత్రకి మనుషుల్ని కూడగడుతున్న రాధారాణి ఆంటీ.

“తీసింది నేనే కదాంటీ.”

ఇంకో ఫొటో వచ్చింది. టీవీకి కలిపిన నా ఫోన్‌లో ఏమున్నాయో ఆయన ముందుగా చూసుకోలేదు, పాపం. ఆ మెట్ల పైన, చెమటలు కక్కుతూ, చెయ్యి చాపి నన్ను నేను తీసుకున్న ఫొటో అది.

“మరి ఇవన్నీ ఎవరు తీశారమ్మా?”

“నేనేనండీ. అన్నీ నేనే. ఆయన మూడు రోజులూ హోటల్ బాత్‌రూమ్ దాటలేదు. కొబ్బరినీళ్లు తాగించి, గైడుతో వెళ్లొచ్చేదాన్ని.”

ఆంటీ ప్లేటు పక్కన పెట్టి, నా పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉందో అడిగారు.