మేత కొట్టులో పాపసంకీర్తనం

"ఫాదర్ని పిలవండయ్యా. డాక్టర్ తర్వాత. ముందు ఫాదర్."

చేపల మేత బస్తాల మీద పడుకోబెట్టిన కృపానందం గారు ఆ మాట ఎన్నిసార్లు అన్నారో ఆయనకే తెలియదు. నోరు తెరిస్తే మాటతోపాటు రక్తం వస్తోంది.

కొల్లేరు పొంగింది. కైకలూరు వెళ్లే రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. రోడ్డు అంచు కనపడక కారు చేపల చెరువులోకి దిగిపోయింది. స్టీరింగు గుండెల్లో పొడిచింది. గట్టు మీద మేత కొట్టు నడుపుకునే అహరోను చెరువులోకి దూకి, కారు అద్దం పగలగొట్టి, ఆయన్ని బయటికి లాగాడు. కళ్లజోడు నీళ్లలోనే పోయింది.

"అంబులెన్సు అటుపక్కే ఆగిపోయిందంటండీ. పడవ కోసం చూస్తున్నారంట. కాస్త ఓర్చుకోండి బాబుగారూ" అంది పక్క చెరువు దగ్గర కాపలా ఉండే కనకమ్మ.

కృపానందం గారు కూడా ఫాదరే. అల్లాటప్పా ఫాదర్ కాదు. రోమ్‌లో డాక్టరేట్ చేశారు. ఫాదర్లని తయారుచేసే సెమినరీలో దైవశాస్త్రం ప్రొఫెసర్‌గా జీవితమంతా పనిచేశారు. ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందే పాపసంకీర్తనం మీద ఆయన రాసిన పుస్తకం చదవకుండా ఈ చుట్టుపక్కల ఎవరూ ఫాదర్ కాలేదు. ఆయన రిటైరయ్యారని ఆ పొద్దునే తాడేపల్లిగూడెంలో శిష్యులు సన్మానం చేశారు. అప్పుడు కప్పిన శాలువా ఇప్పుడు తల కింద తడిసి ముద్దయి ఉంది.

ఎందరి పాపాలనో క్షమించిన మనిషి. తన పాపాన్ని తనే క్షమించుకోవడానికి మాత్రం కుదరదు. దానికి ఇంకో ఫాదర్ కావాలి.

అహరోను ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పెట్టాడు. అవతల ఫాదర్ ఆనంద్ పాల్. ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఏడుస్తున్నాడు.

"బయల్దేరానండీ. ట్రాక్టర్ కూడా దాటట్లేదు."

"ఫోన్లోనే చెప్పేస్తాను. వినెయ్."



"ఫోన్లో చెల్లదు కదండీ. మీరే చెప్పారు."

నిజమే. పరీక్షలో ఆ ప్రశ్న ఇచ్చి, తప్పు రాసినవాళ్లకి సున్నాలు కూడా వేశారు.

"దేవుడి మీద ప్రేమతో పశ్చాత్తాపపడండి గురువుగారూ. అలా పడితే ఫాదర్ లేకపోయినా..."

లైను తెగిపోయింది.

అదీ ఆయన చెప్పిన పాఠమే. ప్రేమతో పడే పశ్చాత్తాపానికి ఫాదర్‌తో పనిలేదు. నరకానికి జడిసి పడేదానికే ఫాదర్ కావాలి. కృపానందం గారు తన లోపల వెతుక్కున్నారు. భయం తప్ప ఏమీ దొరకలేదు.

"అన్నయ్యగారూ, మీరూ వాళ్ల మతమేగా. ఏదో ఓ ప్రార్థన చెప్పండి, పాపం" అంది కనకమ్మ.

"నేను చర్చి మొహం చూసి ఎన్నేళ్లయిందో" అన్నాడు అహరోను.

"చోద్యం కాకపోతే! దేవుడి పేరెత్తితే ఈయనకి ఒళ్లు మంటండీ. ఆదివారం కూడా కొట్టు కట్టెయ్యరు."

కృపానందం గారు తడుముకుని అహరోను చెయ్యి పట్టుకున్నారు. ఆ మొహం ఆయనకి మసకగా ఆనుతోంది.

"పోనీ నువ్వే విను బాబూ. చెల్లకపోయినా విను. లోపల పెట్టుకుని చావలేను."

"చెప్పండి."

"సెమినరీలో నాతోపాటు ఇంకో ఫాదర్ పాఠం చెప్పేవాడు. నాకన్నా చిన్నవాడు. వాడి క్లాసుకి కుర్రాళ్లు పరిగెత్తుకుంటూ పోయేవాళ్లు. నా క్లాసులో నిద్రపోయేవాళ్లు. చూడలేకపోయాను. కాన్వెంటులో కుట్టు నేర్పే అమ్మాయితో వాడికి సంబంధం ఉందని పైవాళ్లకి చెప్పాను. సాక్ష్యాలు కూడా నేనే పుట్టించాను. అంతా అబద్ధం. వాడి ఫాదర్ పట్టం ఊడబెరికి గెంటేశారు. వాడి పదవి నాకొచ్చింది."

"వాడేమయ్యాడు?"

"ఎక్కడో చచ్చిపోయాడని విన్నాను. క్షమించమని అడగడానికి కూడా లేకుండా పోయాడు."

"ఆ అమ్మాయో?"

"ఆ పిల్లనీ పంపేశారు."

"ఆ అమ్మాయి పేరేంటండీ?"

కృపానందం గారు కళ్లు మూసుకున్నారు. చాలాసేపు ఆలోచించారు.

"గుర్తులేదయ్యా."

రేకుల మీద వాన దబదబా కొడుతోంది. అహరోను లేచి వెళ్లి కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"ఈ చుట్టుపక్కల ఇంకెవరైనా ఫాదర్ ఉన్నారేమో చూడు బాబూ. ముసలివాడైనా, మంచాన పడ్డవాడైనా సరే. క్షమించానని ఒక్క మాటంటే చాలు నాకు."

"ఎవరూ లేరండీ."

"ఇంకోసారి ఆలోచించు. నీ కాళ్లు పట్టుకుంటాను."

అహరోను తడిగుడ్డతో ఆయన మూతి తుడిచాడు.

"లేరండీ."

కృపానందం గారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఏడుస్తూనే ఉన్నారు. ఏడుపు ఎగశ్వాసగా మారింది. "ఫాదర్" అని పెదవులు కదిలాయి. అహరోను చేతిని పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి.

కనకమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఫాదర్ ఫాదర్ అంటూనే పోయారు మారాజు. ఇంత పెద్దాయనకి మీ దేవుడు ఒక్కణ్ణి పంపలేకపోయాడా అండీ?"

అహరోను ఆయన కళ్లు మూశాడు. శాలువా లాగి మొహం మీద కప్పాడు.

చావుబతుకుల్లో ఉన్నవాడి పాపాన్ని, పట్టం ఊడబెరికి గెంటేసిన ఫాదరైనా క్షమించవచ్చని, తనని గెంటెయ్యకముందు అదే సెమినరీలో ఏటా పాఠం చెప్పినవాడు అహరోను.