తిన్నని గీత

"మందు ఆపింది నేను కాదు బావా, నువ్వు గీసిన బోర్డు. మనిషి ప్రాణం మీదికి తెచ్చి, నేరం నా నెత్తిన రుద్దుతావా?"

ఆస్పత్రి రిపేరు గదిలో నర్సు గొంతు గోడలకు కొట్టుకుంది. బల్ల మీద మూత విప్పిన మందు పంపు. దాని సర్క్యూట్ బోర్డు డిజైన్ చేసిన కంపెనీ ఇంజనీరు ఆమె అక్క మొగుడే. పొద్దున్న వార్డులో అది రోగికి బీపీ పడిపోకుండా నిలబెట్టే మందు ఎక్కిస్తూ మధ్యలో ఆగిపోయింది. రోగి చావు తప్పి బయటపడ్డాడు. పంపు చెడ్డదా, నర్సు ఏమరిచిందా అన్నది ఎదురుగా కూర్చున్న పెద్ద డాక్టరమ్మ తేల్చాలి. నర్సుదే తప్పంటే ఉద్యోగం ఊడినట్టే.

తప్పు యంత్రానిదైతే కంపెనీ పరువు పోతుంది. నర్సుదైతే ఎవరి పరువూ పోదు. ఇక తీర్పు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

"మరదలివని ఊరుకుంటున్నా," అన్నాడు ఇంజనీరు. "మేడమ్, ఇందులో ఆప్-ఆంప్ అని ఓ చిప్పు ఉంటుంది. వోల్టేజీ తగ్గితే పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. అంత కాపలా ఉండగా పంపు ఎందుకు ఆగుతుంది?"

"ఆలస్యంగా చూసి అతిగా దిద్దితే?" అంది నర్సు. "మీ అమ్మ అలాగే దిద్దుతుంది. మా అక్క కాపురం ఊగుతూనే ఉంది."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది.

"మా అమ్మ జోలికి రాకు." అతను, వోల్టేజీని తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ తీగ కొక్కేన్ని బోర్డుకి తగిలించి పంపు స్విచ్ వేశాడు. తెర మీద పచ్చటి గీత, తాడు లాగి కట్టినట్టు తిన్నగా నిలిచింది. పంపు మెత్తగా సెలైన్ నీళ్ళు తోస్తోంది. "చూడండి మేడమ్. ఫ్యాక్టరీలో ప్రతి బోర్డునీ ఇలాగే నేనే పరీక్షించాను. ఒక్క గీతా వణకలేదు."

"వార్డులో ఆగింది. నా కళ్ళతో చూశాను."

"కళ్ళు ఫోన్లో పెట్టుకుంటే ఇలాంటివే కనిపిస్తాయి."

"నోరు జాగ్రత్త బావా."

డాక్టరమ్మ లేచింది. "ఇక చాలు. పంపు బాగానే ఉంది. సిస్టర్, రేపటి నుంచి మీరు డ్యూటీకి రావద్దు."

నర్సు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఇంజనీరు ఆమె వైపు చూడకుండా, సామాను సర్దుకోవడానికి తీగ ఊడదీశాడు.

పంపు గిలగిల్లాడి, కీచుమని కూసి ఆగిపోయింది.

అతను గబుక్కున తీగ తగిలించి మళ్ళీ స్విచ్ వేశాడు. నడిచింది. తీశాడు. ఆగింది. మరోసారి తగిలించబోయిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. గీతని చూడటానికి పెట్టిన తీగే, తనతో తెచ్చిన కాస్త కెపాసిటెన్స్‌తో, అంటే ఛార్జీని పట్టి ఉంచే గుణంతో, పరీక్షించిన ప్రతిసారీ బోర్డుని ఊగకుండా పట్టుకుంది. తీగ లేని బోర్డు ఎలా ఉంటుందో అతను ఏనాడూ చూడలేదు.

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే నర్సు తలుపు దగ్గర ఉంది.

"నా ఉద్యోగం సంగతి తర్వాత మేడమ్. మందు మేం చేత్తో ఎక్కిస్తాం. పరిగెత్తు బావా, వార్డు నిండా నీ పంపులు ఏ తీగా లేకుండా నడుస్తున్నాయి, ఒక్కొక్కటీ రోగుల దగ్గర్నుంచి ఊడదియ్యి."