ఉన్నావా?

లైట్లు ఒక్కసారి ఆరి వెలిగాయి. అంతే. కంట్రోల్ రూములో గోడ గడియారం కూడా ఆగలేదు. కానీ సొరంగంలోంచి వచ్చే ఫోను మాత్రం మూగబోయింది.

"హలో... హలో... ఒరేయ్ తమ్ముడూ!" డ్యూటీలో ఉన్న ఆమె రిసీవరు చెవికి నొక్కిపెట్టి అరిచింది. గరగరమనే చప్పుడు తప్ప మాట లేదు.

తమ్ముడు వెల్డరు. మరో ముగ్గురితో కలిసి మురుగునీటి సొరంగంలో రెండు కిలోమీటర్లు లోపల పైపులు అతుకుతున్నాడు. వాళ్ళకి గాలి అందించేది అవతలి చివర ఉన్న పెద్ద ఫ్యాను. అది ఆగితే అరగంట గడువు. తర్వాత కళ్ళు తిరుగుతాయి. ఆ తర్వాత ఏమవుతుందో అక్కడ పనిచేసేవాళ్ళెవరూ నోటితో అనరు.

పొద్దున లోపలికి దిగుతూ వాడు వేళాకోళమాడాడు. "అక్కా, ఊరికే ఫోన్లు చెయ్యకు. చెయ్యి వణికితే అతుకు వంకరపోతుంది. అప్పుడు మా మేస్త్రీ నన్ను గోడకి అతికిస్తాడు."

ఫ్యాను తిరుగుతోందో లేదో ఆమె గదిలోంచి కనపడదు. వెళ్ళి చూసి రావాలంటే నలభై నిమిషాలు. ఉన్న ఆధారమల్లా బల్ల కింద కంప్యూటరు పెట్టె. పెట్టె ఒకటే, కాపురాలు రెండు. లోపల ఒక మిషను ఫ్యాన్ని నడుపుతుంది. రెండోది ఆమెది, మొదటిదాన్ని కనిపెట్టుకుని ఉండడం దాని పని. కంప్యూటర్లాయన నిన్ననే మొదటిదాన్ని అక్షరం పొల్లుపోకుండా నకలు తీసి రెండోది తయారుచేశాడు. ఒకే ఇంట్లో రెండు వాటాల మధ్య కిటికీలా వాటి మధ్య ఒక సాకెట్ ఉంది. తీగలేమీ అక్కర్లేదు. అవతలిదాని నంబరు కొట్టి "ఉన్నావా?" అని అడగాలి. అది "ఉన్నాను, ఫ్యాను తిరుగుతోంది" అనాలి.

ఫ్యాను మిషను నంబరు మూడు. ఆమె కొట్టింది.

ఉన్నావా?

జవాబు లేదు. మళ్ళీ కొట్టింది. లేదు.

ఆమె లేచి గోడకున్న ఎర్ర బొత్తాం మూత తెరిచి దాని మీదికి చెయ్యి చాపింది. అది సైరను. దాని తీగ వేరు. నొక్కితే చాలు, లోపలివాళ్ళు ఎక్కడి పని అక్కడ పడేసి బయటికి పరుగెత్తుకొస్తారు.

చెయ్యి గాల్లోనే ఆగింది.

పోయిన వారం కూడా ఇలాగే భయపడి నొక్కింది. తీరా చూస్తే గాలిని చూపే పాత మీటరు ముల్లు ఇరుక్కుంది, అంతే. ఆ చీకట్లో పరుగెత్తి ఒక ముసలాయన కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచి ఆమె పేరు సైరనక్క. తమ్ముడు కూడా ఒకసారి అలాగే పిలిచాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

సూపర్‌వైజరు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏంటమ్మా, ముఖం అలా పెట్టావు?"

"ఫోన్ పోయింది సార్. ఫ్యాను మిషను పలకట్లేదు. సైరన్ కొట్టేద్దాం సార్, నాకు భయంగా ఉంది."

"నీకు భయం లేనిదెప్పుడు? చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడతావు. ఆ ముసలాయన కాలికి సంజాయిషీ చెప్పుకోలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. ముందు సరిగ్గా కనుక్కో. ఈసారీ ఉత్తుత్తిదే అయితే నీ ఉద్యోగం నేను కాపాడలేను."

ఆమె కంప్యూటర్లాయనకి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడు. మళ్ళీ మళ్ళీ చేసింది. ఎనిమిది నిమిషాలు అలాగే పోయాయి.

అప్పుడు తట్టింది. కరెంటు పోయి వస్తే ఒక్కోసారి నంబర్లు మారిపోతాయని ఆయనే అన్నాడు. ఆ పెట్టెలో ముందు పుట్టింది ఫ్యాను మిషను. అయితే ఇప్పుడు దాని నంబరు ఒకటి అయ్యుండాలి.

ఒకటి కొట్టింది. ఉన్నావా?

ఉన్నాను, ఫ్యాను తిరుగుతోంది.

రెప్పపాటు కూడా పట్టలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. "నా తల్లే, నా బంగారమే" అంటూ తెరని ముద్దు పెట్టుకున్నంత పని చేసింది.

"చూశావా?" అన్నాడు సూపర్‌వైజరు. "తప్పు నంబరు కొట్టి అందర్నీ హడలగొట్టావు."

అయినా పిరికి ప్రాణానికి ఒక్క జవాబు సరిపోతుందా? నిమిషానికోసారి అడుగుతూనే ఉంది. అదీ విసుక్కోకుండా చెబుతూనే ఉంది. కట్టుకున్న మొగుడైనా ఇంత ఓపిగ్గా జవాబు చెప్పడనుకుంది. పదిహేను నిమిషాలయ్యాయి. ఇరవై అయ్యాయి. ఫోను ఇంకా పలకలేదు.

"సార్, ఎందుకైనా మంచిది, ఒక్కసారి మోగిద్దాం."

"మిషను ఉన్నానని మొత్తుకుంటుంటే మధ్యలో నీ గోలేంటమ్మా? మీ తమ్ముడు బయటికొచ్చి నవ్విపోతాడు."

ఆమె సిగ్గుపడింది. మరోసారి అడిగింది. ఉన్నాను, ఫ్యాను తిరుగుతోంది. బొత్తాం మీద మూత వేసేసి కుర్చీలో కూలబడింది. సూపర్‌వైజరు ఆమె ముందు టీ గ్లాసు పెట్టాడు. ఒక గుక్క తాగింది.

లైట్లు ఆరి వెలిగిన ఇరవై ఎనిమిదో నిమిషంలో ఫోను మోగింది. తమ్ముడేమోనని ఎగిరి అందుకుంది. కాదు, కంప్యూటర్లాయన.

"అన్నిసార్లు చేశారేంటమ్మా? ఏమైంది?"

"ఏం లేదండీ, ఊరికే హడలి చచ్చాను," అని నవ్వింది. "మూడో నంబరు పలకలేదు. మీరన్నట్టు నంబర్లు మారాయి కాబోలని ఒకటి కొట్టాను. అప్పట్నుంచి అడిగిన ప్రతిసారీ ఉన్నానంటూనే ఉంది."

"ఒకటా?" ఆయన గొంతు మారిపోయింది. "అమ్మా, ఆ పెట్టెలో ఒకటి కొడితే పిలుపు పక్క వాటాకి పోదు, కొట్టినదానికే తిరిగొస్తుంది. ఫ్యాను మిషనుకి నకలు కాబట్టి అదే మాట చెబుతూ, ఇంతసేపూ మీకు ఉన్నానన్నది మీ మిషనే!"