పసుపు పూసిన హద్దురాళ్ళు

కుమారస్వామి తన దొంగతనానికి మిట్టమధ్యాహ్నాన్నే ఎంచుకున్నాడు. ఎండకు జడిసి కుక్క కూడా బయటికి రాని వేళ, తన సైటుకూ పక్క సైటుకూ మధ్య ఉన్న హద్దురాళ్ళు రెండూ పెరికి, నాలుగడుగులు అవతలికి జరిపి పాతేశాడు.

మదనపల్లె టమాటా మండీలో గుమాస్తా అతను. రెండువేల ఆరులో, బెంగుళూరు రేపో మాపో పుంగనూరు రోడ్డు దాకా వచ్చేస్తుందని ఊరంతా కోడై కూసింది. వేరుశనగ చేలన్నీ లేఅవుట్లయ్యాయి. కుమారస్వామి కూడా ఉన్నదంతా ఊడ్చి, ఏజెంటు చూపించిన రాళ్ళ మధ్య ఒక సైటు కొని ఇల్లు కట్టాడు. సొంతూరు చౌడేపల్లె నుంచి భార్య కౌసల్య మాత్రం కదల్లేదు.

“నా ఆవుకు ఆడ తావు యాడుండాది? అది లేకుండా నేను రాను పో,” అంది.

ఇంటి పక్కన ఆవుకు కొట్టం వేయాలంటే సరిగ్గా నాలుగడుగులు తక్కువ. కొత్తింట్లో ఆరు నెలలుగా తన వంట తానే తిని మనిషి సగమయ్యాడు పాపం.

రాళ్ళు జరిపితే చాలదు, మళ్ళీ ఎవరూ పెరకకూడదు. అందుకే రెండింటికీ పసుపు పూసి కుంకుమ పెట్టాడు. పసుపు రాయిని కదిలించే మొనగాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు.

మర్నాడు మేకలు తోలుకొచ్చిన సిద్దమ్మ చూసి చెంపలేసుకుంది. “అమ్మోరు అక్కచెల్లెళ్ళు వెలిసినారప్పా! మన లేఅవుటుకు దిక్కు దొరికింది.”

మంగళవారం టెంకాయలు, శుక్రవారం పొంగళ్ళు మొదలయ్యాయి. స్కూటర్ల మీద పోయే ఉద్యోగస్తులూ ఆగి దండం పెట్టారు. అందరికంటే ముందు హారతి కళ్ళకద్దుకున్నది కుమారస్వామే. కొట్టం లేచింది. ఆవుతో సహా కౌసల్య దిగింది. అతని సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

నెల తిరిగేసరికి పక్క సైటు ఆసామి ముద్దుకృష్ణ కుప్పం నుంచి వచ్చాడు. కుమారస్వామి గబగబా రాళ్ళ దగ్గరికి నడిచాడు. టేపు పట్టి కొలిస్తే కొట్టం పోతుంది, దాని వెనకే కౌసల్యా పోతుంది.

ముద్దుకృష్ణ రాళ్ళను చూశాడు. కొట్టాన్ని చూశాడు. ఒళ్ళంతా చెమటలు పట్టి, గభాలున రాళ్ళముందు సాష్టాంగపడ్డాడు.

“యాలప్పా అంత భయం?” అన్నాడు కుమారస్వామి, లోలోపల గంతులేస్తూ. “అమ్మ యాడ కూసుంటే ఆడే హద్దు. ఇంక జరిపేది లేదు.”

“ఆ మాట నలుగురి ముందర ప్రమాణం చేసి చెప్పప్పా.”

సిద్దమ్మ, కౌసల్య చూస్తుండగా కుమారస్వామి కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడు.

ముద్దుకృష్ణ లేచి కళ్ళు తుడుచుకున్నాడు. “తప్పు ఒప్పుకుంటాండాను. నువ్వు సైటు కొనకముందే ఈ రాళ్ళను నేనే ఆరడుగులు నీ పక్కకు జరిపింటి. అమ్మ నాలుగే ఎనక్కి తీసుకునింది, తక్కిన రెండూ నాకే ఇడిసిపెట్టింది సూడు!”